పులుసన్నం తిని పిల్లికి రక్తం తగ్గింది, ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు

బురుజుకాడ_పిల్లి
మాది కర్నూలు. మా చిట్టికి రెండేళ్లు, మూడున్నర కిలోల బరువు. పోయిన ఆదివారం ఇంట్లో నాటుకోడి పులుసు, సంకటి చేశారు. మిగిలిన పులుసును మా అవ్వ ఫ్రిజ్‌లో పెట్టి బుధవారం దాకా పూటపూటకీ అన్నంలో కలిపి దానికి పెట్టింది. గిన్నె తోమే పని లేకుండా నాకేసిందని మురిసిపోయింది కూడా. గురువారం నుంచి చిట్టి మంచం కింద నుంచి బయటికి రాలేదు. శుక్రవారం పట్టుకుని నోరు తెరిచి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి, ఇసుక ట్రేలో ఉచ్చ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన అడిగిన మొదటి మాట, ఎర్రగడ్డ ఏమైనా తినిందా అని. పిల్లి ఎర్రగడ్డ ఎందుకు తింటుంది సార్ అన్నాను. అయితే కూర పెట్టారా అన్నారు. అప్పుడు వెలిగింది నాకు.

రక్త పరీక్షలో పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల శాతం, 17 వచ్చింది. పిల్లికి 30 నుంచి 45 మధ్య ఉండాలంట. సెలైన్ పెట్టారు, రేపు మళ్లీ రమ్మన్నారు, 15 కంటే కిందికి పోతే రక్తం ఎక్కించాలంటున్నారు. ఇంటికొచ్చి చెప్తే మా నాయన నవ్వుతున్నాడు. అవ్వేమో "అరవై ఏండ్ల నుంచి పిల్లులకు కూరన్నమే పెడుతున్నా, దీనికెవరిదో దిష్టి తగిలింది" అని ఉప్పు, మిరపకాయలు తీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి పిల్లితో పాటు మేమందరం దగ్గాం. ఎర్రగడ్డ నిజంగా అంత విషమా? కర్నూల్లో కూర్చుని ఎర్రగడ్డ విషమంటే ఎవరు నమ్ముతారు?

కడప_కారందోశ
పిల్లికి సంకటి, ప్రాణసంకటి. సారీ, ఆగలేకపోయా. ఇప్పుడెట్లుంది?

మూసీ_ఒడ్డున
ఎర్రగడ్డ అంటే మాకు హైదరాబాద్‌లో ఊరి పేరు. పిల్లి అక్కడికి పోయి ఏం తినింది అనుకుంటూ సగం దాకా చదివాను.

టవర్‌క్లాక్_అనంత
@మూసీ_ఒడ్డున మా సీమలో ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ, తెల్లగడ్డ అంటే వెల్లుల్లి, ఉర్లగడ్డ అంటే మీ ఆలుగడ్డ. మూడోది ఉడికిస్తే పిల్లికి ఏమీ కాదు. మొదటి రెండూ యమగండం.

పొద్దుటూరు_వెట్
ఇక్కడి వెటర్నరీ కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్నాను, డాక్టర్ని ఇంకా కాలేదు, కాబట్టి మీ డాక్టరు చెప్పిందే ఫైనల్. ఆయన అడిగిన మొదటి ప్రశ్నే సరైన ప్రశ్న.

ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉల్లికాడలు, అన్నీ ఒకే కుటుంబం. వీటిలో ఉండే గంధకం పదార్థాలు పిల్లి ఒంట్లోకి పోయాక ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌ను దెబ్బతీస్తాయి. పాడైన హిమోగ్లోబిన్ కణం అంచున ముద్దలా అతుక్కుంటుంది, స్లైడు మీద మైక్రోస్కోపులో చూస్తే గోడకి అంటించిన చూయింగ్ గమ్‌లా కనబడుతుంది. వాటిని హైంజ్ బాడీలు అంటారు. అలాంటి కణాలను ఒళ్లే పాడైపోయినవని తీసి పారేస్తుంది, కొన్ని రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. ఆ రంగే ఉచ్చలో దిగేది.

పిల్లికే ఎందుకు ఇంత అంటే, ఈ దెబ్బ తగిలే చోట్లు మనిషి హిమోగ్లోబిన్‌లో 2, కుక్కకి 4, పిల్లికి 8. మనం తిని త్రేన్చే దానికి అది పడిపోతుంది. ఇంకో సంగతి, ఉడికించినా వేయించినా ఎండబెట్టినా పొడి చేసినా విషం పోదు. పొడిలో నీళ్లుండవు కాబట్టి చిటికెడులోనే ఎక్కువ ఉంటుంది. తెల్లగడ్డ అయితే ఎర్రగడ్డకి మూడు నుంచి ఐదు రెట్లు ఘాటు.

అసలు మోసం ఎక్కడంటే, తిన్న రోజు ఏమీ కాదు. మహా అయితే ఒకసారి కక్కుతుంది. రక్తం తగ్గడం కనబడేసరికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అప్పటికి ఆదివారం కూర ఎవరికి గుర్తుంటుంది? దిష్టి గుర్తుంటుంది.

పాతకాలం_మనిషి
చదువుకున్నోళ్లు చెప్తే వినాల్సిందే గానీ ఒక మాట. మా ఊర్లో, నంద్యాల పక్కన, ఇంటికి రెండు పిల్లులు ఉండేవి. వాటికి పప్పన్నం, పులుసన్నం, పండగ రోజు కూరన్నం, ఇవే. ఎవరూ ప్యాకెట్లు కొనలేదు. ఒక్కటీ ఎర్రగడ్డ తిని చచ్చిందని నేను వినలేదు. ఇప్పుడు ఏసీ గదుల్లో పెంచి, ప్రతిదానికీ విషం విషం అంటే ఎట్లప్పా?

జేజి_మనవరాలు
@పాతకాలం_మనిషి పెద్దాయనా, ఆ పిల్లులు ఎన్నేళ్లు బతికేవి? మా జేజి ఇంట్లోనూ ఎప్పుడు చూసినా రెండు పిల్లులు ఉండేవి, నిజమే. కానీ అవే పిల్లులు కాదు. రెండు మూడేళ్లకొకటి "యాడికో పోయింది" అనేవారు. చావబోయే పిల్లి మూలకి పోయి నక్కుతుంది, గడ్డివాములోనో అటక మీదో. రక్తం తగ్గి పోయిందో, పాము కరిచి పోయిందో ఎవరు చూశారు?

పాతకాలం_మనిషి
అదీ నిజమే అనుకో. అయినా నాకు పూర్తిగా మింగుడు పడటం లేదు. అన్ని పిల్లులకూ కావాలి కదా మరి?

పొద్దుటూరు_వెట్
@పాతకాలం_మనిషి మీరడిగింది న్యాయమైన ప్రశ్న. మోతాదు ముఖ్యం. కిలో బరువుకి ఐదు గ్రాముల ఎర్రగడ్డ చాలు, పిల్లి రక్తంలో తేడా వస్తుంది. మూడున్నర కిలోల చిట్టికి లెక్క వేస్తే 17, 18 గ్రాములు. ఓ మోస్తరు ఎర్రగడ్డ వంద గ్రాములు తూగుతుంది, అంటే దాంట్లో ఐదో వంతు. మీ ఊరి పిల్లి పొలంలో ఎలుకని తిని వచ్చి ఇంట్లో రెండు ముద్దలు తినేది, ఆ పప్పులో తిరగమోతకి వేసింది నాలుగు ముక్కలు. ఈ అవ్వగారి పులుసులో ఎర్రగడ్డలన్నీ కరిగి గుజ్జయి ఉంటాయి, తెల్లగడ్డ, అల్లం నూరి వేసి ఉంటారు, పైగా ఒక్క పూట కాదు, నాలుగు రోజులు. రోజూ కొంచెం కొంచెం పడినా పేరుకుంటుంది.

బురుజుకాడ_పిల్లి
అవ్వని అడిగాను. కిలో కోడికి నాలుగు ఎర్రగడ్డలు, ఒక పెద్ద తెల్లగడ్డ మొత్తం, అని గర్వంగా చెప్పింది. "ఎర్రగడ్డ తక్కువైతే పులుసు చిక్కబడదు" అని నాకు పాఠం కూడా చెప్పింది.

కడప_కారందోశ
ఇప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. నా పేరు చూస్తే తెలుస్తుంది కదా. మా ఇంట్లో ఆదివారం కారం దోశ, ఎర్రకారంలో ఉండేదే ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఎండుమిరప. తిన్న ప్లేటులో నెయ్యి ఉంటుందని మా నల్లోడు వచ్చి నాకుతాడు. కారానికి తుమ్ముతాడు, మళ్లీ నాకుతాడు. మేమంతా వీడియో తీసి నవ్వుకుంటాం. ఇప్పుడు చిగుళ్లు చూద్దామంటే పిల్లి నల్లది, చిగుళ్లూ నల్లగానే ఉన్నాయి. ఏం చూడాలి?

పొద్దుటూరు_వెట్
@కడప_కారందోశ నాలుక చూడండి, లేదా కింది కనురెప్పని వేలితో మెల్లగా కిందికి లాగి లోపలి పొర చూడండి. గులాబీ రంగులో ఉంటే సరే. తెల్లగా గానీ పసుపుగా గానీ ఉంటే బయల్దేరండి. ఊపిరి గబగబా తీస్తున్నా, రెండడుగులు నడిచి కూర్చుండిపోతున్నా అదే. ప్లేటు మాత్రం ఇకనుంచి సింకులో వేసేయండి.

కడప_కారందోశ
గులాబీ రంగే. చెయ్యి మీద మూడు గీతలు పడ్డాయి, అయినా హాయిగా ఉంది. మీరు చెప్పకపోతే వచ్చే ఆదివారం కూడా వీడియో తీసేవాణ్ని.

తుంగభద్ర_గట్టు
ఇట్లాంటప్పుడు ఉప్పునీళ్లు తాగిస్తే కక్కేస్తుంది, మేము కుక్కకి చేశాం. రక్తానికి బీట్‌రూట్ రసం, దానిమ్మ రసం.

పొద్దుటూరు_వెట్
@తుంగభద్ర_గట్టు దయచేసి వద్దు. ఉప్పునీళ్లతో పిల్లి కక్కుతుందన్న నమ్మకం లేదు, కక్కకపోతే ఒంట్లో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి, అంటే విషం మీద విషం. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వేరే. తిన్న గంట రెండు గంటల్లో డాక్టరు దగ్గరికి తీసుకుపోతే వాళ్లే ఇంజెక్షన్‌తో కక్కిస్తారు. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది, అంతే. రంగు చూసి రక్తమనుకోకండి.

టవర్‌క్లాక్_అనంత
దానిమ్మ మీద మాట పడితే మా అనంతపురం వాళ్లకి నొప్పిగా ఉంటుంది. కానీ ఈసారికి ఒప్పుకుంటున్నాం.

పెరుగన్నం_ఇల్లు
మాది కడప, ఇంట్లో మాంసం వండం, ఎర్రగడ్డ కూడా తక్కువే. అంటే మా పిల్లి క్షేమమే కదా? పెరుగన్నం తిని ఆరేళ్లుగా బాగానే ఉంది. నేనైతే మాంసం పెట్టడమే అసలు తప్పు అంటాను, సాత్వికాహారం అలవాటు చేస్తే సరిపోతుంది.

జేజి_మనవరాలు
@పెరుగన్నం_ఇల్లు మీ పిల్లి బయటికి పోతుందా?

పెరుగన్నం_ఇల్లు
పోతుంది. రాత్రి పోయి తెల్లారి వస్తుంది. ఎందుకు?

జేజి_మనవరాలు
అదీ మరి. మీ దగ్గర పెరుగన్నం టిఫిను, భోజనం పెరట్లో. ఎలుకలు, బల్లులు, పిచ్చుకలు. ఇంట్లో సాత్వికం, వీధిలో రాక్షసం.

పొద్దుటూరు_వెట్
నవ్వొచ్చినా నిజం అదే. టారిన్ అనే పదార్థం పిల్లి ఒంట్లో సరిపడా తయారు కాదు, మాంసం, చేపల నుంచే రావాలి. అది లేకపోతే కంటి రెటీనా చెడి చూపు పోతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. టారిన్ తక్కువైతే గుండె జబ్బు వస్తుందని 1987లో అమెరికా పశువైద్యులు బయటపెట్టారు, ఆ తర్వాతే కంపెనీలు పిల్లుల తిండిలో టారిన్ పెంచాయి. @పెరుగన్నం_ఇల్లు పిల్లిని లోపలే కట్టడి చేసి పెరుగన్నం మాత్రం పెడితే అది పస్తు ఉన్నట్టే. మాంసం మీ వంటింట్లో వండనక్కర్లేదు, పిల్లుల ప్యాకెట్ తిండి పెట్టండి. కుక్కల ప్యాకెట్ కాదు, అందులో పిల్లికి సరిపడా టారిన్ ఉండదు.

పెరుగన్నం_ఇల్లు
మా అమ్మని ఒప్పించాలి. గుమ్మం బయట పెడితే ఏమనదేమో.

మూసీ_ఒడ్డున
మరి పాలు? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం మన సామెతల్లోనే ఉంది.

రమణ_బుగ్గవంక
సామెతలో తాగడం వరకే ఉంది, తర్వాత సంగతి లేదు. మా దానికి రోజూ గ్లాసెడు పాలు పోసేవాళ్లం, రోజూ సోఫా వెనక శుభ్రం చేసేవాళ్లం. ఆరు నెలలు కడుపులో పురుగులని మందులు వేశాం. పాలు మానేశాం, మూడో రోజుకి గట్టిగా అయింది. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలలోని చక్కెర అరగదంట.

సుంకేసుల_చేప
చేపలు పచ్చివి పెట్టొచ్చు కదా, అడవిలో పిల్లి వండుకుని తింటుందా?

పొద్దుటూరు_వెట్
@సుంకేసుల_చేప అప్పుడప్పుడూ ఒక ముక్కకి ఏమీ కాదు గానీ రోజూ వద్దు. మన దగ్గర దొరికే బొచ్చె, రోహు అన్నీ కార్ప్ జాతి. ఆ జాతి పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. అవే వారాల తరబడి తింటే పిల్లి తల కిందికి వాలుస్తుంది, తూలుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఇక్కడ ఊరట ఏమిటంటే, ఉడికిస్తే ఈ ఎంజైమ్ పోతుంది. ఎర్రగడ్డ విషం పోదు, ఇది పోతుంది. ముళ్లు తీసి పెట్టండి. ఎండుచేప మాత్రం ఉప్పు గని.

కడప_కారందోశ
ఇన్ని చదివాక పిల్లికి బిచ్చం పెట్టనివాడే మంచోడు అనిపిస్తోంది.

గుల్జార్_కర్నూలు
మా ఇంట్లో రంజాన్‌కి షీర్ ఖుర్మా చేస్తే మా మానూ గిన్నె చుట్టూ తిరుగుతుంది. పిల్లికి తీపి తెలియదని ఎక్కడో చదివాను, మరి దేనికి వస్తుంది?

పొద్దుటూరు_వెట్
@గుల్జార్_కర్నూలు కరెక్టే, తీపి రుచి పట్టే జన్యువు పిల్లుల్లో పనిచేయదు, 2005లో తేలింది. మానూ వచ్చేది పాల మీది కొవ్వు కోసం. ఇబ్బంది అందులోని కిస్‌మిస్. ద్రాక్ష, కిస్‌మిస్ తిని కుక్కల కిడ్నీలు పాడైన కేసులు చాలా ఉన్నాయి. పిల్లుల్లో అంత ఎక్కువ లేవు, అయినా పెట్టి పరీక్షించే అవసరం మనకేముంది? కారణం టార్టారిక్ ఆమ్లమని 2021 నుంచి అనుకుంటున్నారు.

టవర్‌క్లాక్_అనంత
ఆగండాగండి. టార్టారిక్ ఆమ్లం అంటే చింతపండులో ఉండేదే కదా?

పొద్దుటూరు_వెట్
అవును. క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పొడి కలిపిన పిండి ముద్ద తిని జబ్బుపడిన కుక్కని చూసి ఆ అనుమానం వచ్చింది, చింతపండు తిని కుక్కలు జబ్బుపడిన కేసులు దానికి బలమిచ్చాయి.

టవర్‌క్లాక్_అనంత
ఎర్రగడ్డ, తెల్లగడ్డ, చింతపండు. ఈ మూడు తీసేస్తే సీమలో వంటే లేదు, ఉత్త సంకటి ముద్ద మిగులుతుంది.

లక్ష్మి_దేవునికడప
టాపిక్ తిండి గురించి అని తెలుసు, అయినా రాస్తున్నా. పోయినేడు మా పిల్లికి ఒళ్లు వేడిగా ఉందని మా ఆయన జ్వరం బిళ్ల, పారాసిటమాల్, సగం విరిచి పాలలో కలిపి తాగించాడు. ప్రేమతోనే చేశాడు. పిల్లి ఒళ్లు మామూలుగానే మనకన్నా వెచ్చగా ఉంటుందని మాకు తెలియదు. నాలుగైదు గంటలకి మొహం, ముందు పాదాలు ఉబ్బాయి, చిగుళ్లు మట్టి రంగుకి తిరిగాయి, నోరు తెరుచుకుని ఊపిరి లాగుతోంది. ఆదివారం రాత్రి, మూడు చోట్ల తలుపు కొట్టాం, ఒకచోట పొద్దున రమ్మన్నారు. పొద్దునకి లేదు. ఆ సగం బిళ్ల అట్టలోనే ఉంది, పారేయబుద్ధి కాలేదు. మా ఆయన ఇప్పటికీ పిల్లి పేరెత్తితే లేచి బయటికి పోతాడు.

జేజి_మనవరాలు
అక్కా, మీ ఆయన తప్పు కాదు. పిల్లలకి ఇచ్చే బిళ్లే కదా అనుకుంటాం.

పొద్దుటూరు_వెట్
@లక్ష్మి_దేవునికడప రాసినందుకు థాంక్స్ అక్కా. అందరూ చదవాలి. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు, ఒక్క బిళ్ల చాలు ప్రాణం పోవడానికి. దీనికి విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్, మనుషుల ఆసుపత్రుల్లో కూడా ఉంటుంది, అయితే గంటల్లోనే అందాలి. ఎవరికైనా జరిగితే తిన్న బిళ్ల అట్ట, ఎంత వేశారు, ఎప్పుడు వేశారు, ఈ మూడూ పట్టుకుని పరిగెత్తండి.

మోడరేటర్
లక్ష్మి_దేవునికడప గారి పోస్టు తిండి గురించి కాకపోయినా ఉంచుతున్నాను. తుంగభద్ర_గట్టు గారి ఉప్పునీళ్ల సలహా మాత్రం తీసేయమంటున్నారు చాలామంది. కింద జవాబు ఉంది కాబట్టి అలాగే ఉంచాను, జవాబు చదవకుండా ఎవరూ పాటించకండి.

తుంగభద్ర_గట్టు
నేనే వెనక్కి తీసుకుంటున్నా అన్నా. మా కుక్క అదృష్టం బాగుంది.

బురుజుకాడ_పిల్లి
అప్‌డేట్. నిన్న పీసీవీ 16. డాక్టరు రక్తం రెడీగా పెట్టుకోమన్నారు. పిల్లుల్లోనూ ఎ, బి, ఎబి అని గ్రూపులు ఉంటాయంట, కలవకుండా ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుందంట. వీధి చివర మెకానిక్ షెడ్డులో ఆరు కిలోల గండుపిల్లి ఉంది, దాన్ని బతిమాలి పట్టుకుపోయి పరీక్ష చేయించాం, కలిసింది. తీరా ఈరోజు చూస్తే చిట్టికి 18. రక్తం అవసరం పడలేదు. గండుపిల్లి ఊరికే వచ్చి, రెండు ప్యాకెట్లు తిని, డాక్టరు గారి చెయ్యి గీరి వెళ్లిపోయింది.

కడప_కారందోశ
ఆ గండుపిల్లికి సన్మానం చేయాలి. శాలువా మాత్రం కప్పకండి, చింపేస్తుంది.

సుంకేసుల_చేప
తింటోందా?

బురుజుకాడ_పిల్లి
నిన్నటిదాకా ముట్టలేదు. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుంటుందని సిరంజితో పట్టమన్నారు. ఈ పూట తనే లేచి ఉడికించిన కోడి తినింది, నాలుగు ముక్కలు. అవ్వకి ఒక పద్ధతి చెప్పాను: కోడి కోయగానే, ఉప్పు పసుపు పట్టించకముందే, ఎముక లేని ముక్కలు నాలుగు తీసి పక్క గిన్నెలో ఉత్త నీళ్లతో ఉడికించమని. "ఉప్పు కూడా లేకుండానా, ఆ చప్పిడి కూడు ఏ ముఖం పెట్టుకుని తింటుంది" అంది. అయినా చేసింది.

పాతకాలం_మనిషి
మీ అవ్వ ఒప్పుకుందా మరి, ఎర్రగడ్డే కారణమని?

బురుజుకాడ_పిల్లి
@పాతకాలం_మనిషి లేదు పెద్దాయనా. దిష్టి తీసినందుకే లేచిందంటోంది. నేనూ వాదించడం మానేశాను. కానీ పొద్దున చూశాను, పక్కింటామె మా గోడ మీది పిల్లికి పులుసన్నం వేయబోతే అవ్వ వంటింట్లో నుంచే అరిచింది, "వద్దే, దాంట్లో ఎర్రగడ్డ ఉంది" అని.

బురుజుకాడ_పిల్లి
శనివారం పీసీవీ 24. మంచం కింద నుంచి బయటికొచ్చి ఫ్రిజ్ మీద పడుకుంది.